చెల్లప్ప ఎర్రదీపము నార్పిన వైనము

క్రోధినామ సంవత్సరమున, అనగా పంతొమ్మిదివందల అరవైనాలుగున, పడమటి కొండలపై మబ్బుతునకైనను లేని ఒక చైత్రమధ్యాహ్నమున, రాజపాళయములోని ఒకానొక నూలుమిల్లు యంత్రశాలయందు, దీపషట్కవిరాజిత ఫలకమునకు ఏకైక రక్షకుడును ఘంటానాదభంజనుడును అగు చెల్లప్ప పెరుగన్నపు తొలికబళ మెత్తినంతనే, గోడగంట ప్రళయమేఘమువలె గర్జించెను.

మిల్లులో ఎచ్చట లోపము కలిగినను గంట మ్రోగి, దానికి చెందిన ఎర్రదీపము ఫలకమున వెలుగును. ఆ గంటకు క్రింద ఒక మీట కలదు. నొక్కిన గంట ఆగును; లోపము తీరువరకు ఎర్రదీపము మాత్రము వెలుగుచునే యుండును. ఆ ఉదయమున, మేడమీది నీటితొట్టిలో నీరు తగ్గెనని తెలుపు దీపము ఏడుమార్లు వెలిగి, ఏడుమార్లును తనంతట తానే ఆరెను. తొలి రెండుమార్లు మేడకెక్కి చూడగా తొట్టి నిండుగా నుండెను. తక్కిన ఐదు యుద్ధములను మన వీరుడు కూర్చున్నచోటనే గెలిచెను.

ఇప్పుడును అదే దీపము వెలుగగా, ఎడమ బొటనవ్రేలితో మీటను మర్దించి, గంటను మూగజేసి, మరల కబళమెత్తెను.

అంతలో, తెగిన పోగులు కలిపెడి వెళ్ళత్తాయి, తలనిండ దూదినుసితో వాకిట నిలిచెను.

"తంబీ, లోపల గాలి ఎండిపొయినాది. పోగులు తెగి తెగి పడతా ఉండాయి. గాలిని తడిపే జల్లుకు నీళ్ళు వస్తా ఉండాయా?"

"గంట కొట్టినాది, నేను నొక్కినాను, అది ఊరకుండినాది. కొట్టేది దాని ధర్మం, నొక్కేది నా ధర్మం. అప్పురం ఇంక నాకేం పని అక్కా?" అని వీరుడు గంభీరముగా పలికెను.

"గంట నోరు మూసినావు, సరి. ఆ ఎర్ర లైటు ఇంకా చూస్తా ఉండాది గదా. పోగు తెగితే వంగి ముడేసేది మేం. ఎన్ని తెగినాయో నా నడుం చెప్తాది."

చెల్లప్ప పెరుగన్నమును చూచెను. నడుముపై చేయివైచి నిలిచిన ఆమెను చూచెను. సిగ్గుపడి మూత వేసెను.

చండమార్తాండకిరణసంతప్తమగు ఇనుపనిచ్చెన మెట్లు నలువదిరెండు, అరికాళ్ళు కాలుచుండ, ఆ ధీరుడు అధిరోహించెను. తొట్టిలో నీరు చీలమండలోతు. నీటితో దిగి కొళాయిని తెరువవలసిన రాగిబంతి, ఎవరో విడిచిన కొబ్బరిపీచు త్రాటి చిక్కున పడి పైననే వ్రేలాడుచుండెను. చిక్కు విప్పెను. గంగాప్రవాహమువలె నీరు దుమికి వీరుని పంచె తడిపెను.

దిగివచ్చినను దీపము ఎర్రగానే యుండెను. ఇరువురును దానివంకనే చూచుచు నిలిచిరి. కొంతసేపటికి అది ఆరెను.

"సరి, సాప్పాటు తిను" అని వెళ్ళత్తాయి పోయెను.

వీరుడు తడిచేతితో, గంట మ్రోగినపుడెల్ల వ్రాయవలసిన పుస్తకము తెరచి, అలవాటున "గంట ఆపినాను" అని వ్రాసి, క్షణమాగి, దానిని కొట్టివేసి, "పొయి చూసినాను" అని దిద్దెను.

ఆ రెండు మాటలకు మించిన జయశాసనము ఆనాడు రాజపాళయమున మరెవ్వరును వ్రాయలేదు.