తోడికోడళ్ళ కొట్లాటకు కొత్త అప్‌డేట్

ఈ కాలపు కొట్లాట ఆటలు తయారుచేసేవారికి శాంతి బహుమతి ఇవ్వాలని నేను గట్టిగా కోరుతున్నాను. నవ్వకండి. మా ఇంట్లో రోజూ సాయంత్రం ఎముకలు విరిగేలా కొట్టుకునే ఇద్దరు ఆడవాళ్ళ చేత మూడు నెలలపాటు కొట్లాట మాన్పించిన ఘనత ఆ ఆటది. కోర్టులు చేయగలవా ఈ పని? పెద్దమనుషులు చేయగలరా?

ఆ ఇద్దరూ నా వదినలు. పెద్దవదిన బస్సు టికెట్ల కౌంటర్లో కూచుంటుంది. కిటికీ అవతల నుంచి ఎవరెన్ని తిట్టినా ఇవతల నుంచి "ఏ ఊరికండీ" అనడం ఆమె ఉద్యోగం. చిన్నవదిన కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. అద్దం మార్చి మార్చి "ఇదా, ఇందాకటిదా, ఏది బాగా కనిపిస్తోంది" అని అడగాలి. "రెండూ ఒకటేనమ్మా" అనేవాణ్ణి కూడా చిరునవ్వు చెదరకుండా మళ్ళీ అడగాలి.

పొద్దంతా ఇలా నవ్వి వచ్చిన ఇద్దరు తోడికోడళ్ళు ఒకే వంటింట్లో, ఒకే గరిటె కోసం చేయి చాపితే ఏమవుతుందో నేను చెప్పాలా? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మా వంటిల్లు ఆ ఒర కంటే ఇరుకు. చిన్నన్నయ్య పెళ్ళయిన నాటి నుంచీ చుట్టాలందరూ మా ఇల్లు ఎప్పుడు రెండవుతుందా అని కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశారు. పాపం, ఆరేళ్ళు చూశారు.

తప్పంతా ఒక పాత వీడియోగేమ్ ఆటపెట్టెది. అన్నయ్యలు చిన్నప్పుడు ఆడుకుని పారేసినది. టీవీకి తగిలించి మీట నొక్కితే చాలు, ఏ మర్యాదా లేకుండా వెంటనే ఆట మొదలయ్యేది. నువ్వెవరు, నీ పేరేమిటి, నీ పుట్టినరోజెప్పుడు అని ఒక్క మాట అడిగేది కాదు. అంత అనాగరికమైన యంత్రం.

పెద్దవదిన ఎప్పుడూ గుండు పహిల్వానునే ఎంచుకునేది. చిన్నవదినకు గొడుగుతో పొడిచే ముసలమ్మ కావాలి. కుక్కర్ పొయ్యెక్కించి ఇద్దరూ టీవీ ముందు కూచునేవారు. కూతకో రౌండు.

"నిన్న నా టవల్‌తో నేల తుడిచిందెవరో," అంటూ పెద్దవదిన పహిల్వాను చేత ముసలమ్మను ఎత్తి కుదేసేది.

"అది టవలని ఎలా తెలుస్తుందక్కా, చూస్తే జల్లెడలా ఉంటే," అంటూ చిన్నవదిన గొడుగు తిప్పేది.

"జల్లెడా? ఉండు, నీ ముసల్దాన్ని జల్లెడ చేస్తా."

"ఇదిగో, ఇది పాలు పొంగించి స్టవ్వు తుడవకుండా పోయినందుకు. ఇది కూడా అందుకే. ఆ, ఇది మాత్రం మొన్నటిది, బాకీ ఉండిపోయింది."

నేను పక్కన ఉల్లిపాయలు తరుగుతూ చూసేదాన్ని. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు. ఎవరి మీద ఎందుకు కోపమో మాత్రం క్షుణ్ణంగా తెలుసు. ఆఖరి కూతకు కుక్కర్ దించేవారు, దాంతోపాటు తగాదా కూడా. ఆ తర్వాత ఒకరి కంచంలో ఒకరు వడ్డించుకుని, "ఇవాళ నా గుండాయన నడుం విరగ్గొట్టావు కదే" అని పెద్దవదిన మురిసిపోతూ తినేది.

ఎంత మొరటుతనమో చూశారా! అదృష్టవశాత్తూ మా చిన్నన్నయ్య కంట పడింది.

మా చిన్నన్నయ్యకు కొట్లాట ఆటల్లో ప్రవేశం ఉంది. ఎవరో ఆడుతుంటే ఇంకెవరో వివరించే వీడియోలు చూసి సంపాదించిన ప్రవేశం. ఒక సాయంత్రం తన భార్య వరసగా రెండు రౌండ్లు గెలవడం చూసి ఆయన మనసు గాయపడింది.

"అది ఆట కాదు. బటన్లు బాదడం," అన్నాడు.

"గెలిచాను కదండీ," అంది చిన్నవదిన.

"గాలివాటు గెలుపు. ఎలా గెలిచావో నీకు తెలుసా?"

"నాకు తెలీదు. తన్నులు తిన్న అక్కనడగండి, చెబుతుంది."

"ఎముక ఎముకకీ తెలుసయ్యా," అంది పెద్దవదిన.

అజ్ఞానం ఇలా పెచ్చుమీరాక జ్ఞానులు ఊరుకుంటారా? వారం తిరగకుండా అదే ఆట కొత్త అవతారంతో కొత్త ఆటపెట్టె వచ్చింది. పాతది పాత సామాన్ల బండి ఎక్కింది.

కొత్త ఆటలో నాకు నచ్చిన మొదటి గుణం, అది మొదలవదు. మీట నొక్కగానే అప్‌డేట్ అంది. తెర మీద ఒక గీత నత్తలా పాకడం మొదలుపెట్టింది. కుక్కర్ కూసింది, అన్నం దించారు, తిన్నారు, గిన్నెలు కడిగి బోర్లించారు. గీత ముప్పావు దూరం వచ్చి ఆలోచనలో పడింది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు ముట్టుకోకుండా సాయంత్రమంతా పక్కపక్కన కూచోవడం మా ఇంటి చరిత్రలో అదే మొదలు. ఓర్పు నేర్పే చదువులు మనకు ఇంకేం కావాలి?

మరునాడు ఒప్పందం వచ్చింది. ఎన్ని పేజీలో లెక్క లేదు, చివర "చదివాను, ఒప్పుకుంటున్నాను" అని ఉంది. చదవకుండా ఒప్పుకోవడం పెళ్ళినాడే అలవాటైన పని కనుక అది తొందరగానే ముగిసింది.

ఆ తర్వాత తెలిసింది, అందులో గొడుగు ముసలమ్మ లేదని. ఉంది కానీ విడిగా కొనుక్కోవాలట. కొట్లాట ఒకచోట, కొట్టేవాళ్ళు ఇంకోచోట! ఇంతకన్నా అహింస ఎక్కడైనా ఉందా?

పైగా పెట్టెలో రిమోట్ ఒకటే వచ్చింది. రెండోది తెమ్మంటే చిన్నన్నయ్య ఒప్పుకోలేదు. "రానివాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఆడితే ఇద్దరికీ ఎప్పటికీ రాదు. ముందు పాఠాలు పూర్తిచేయండి. తర్వాత ఆన్‌లైన్లో మీ స్థాయివాళ్ళతో ఆడండి," అన్నాడు. సరస్వతీ కటాక్షం ఉన్నవారి మాట తీసేస్తామా?

పాఠాలు మొదలయ్యాయి. కిందికి, ముందుకు, గుద్దు. కాదు, మళ్ళీ. కిందికి, ముందుకు, గుద్దు. ఊళ్ళోవాళ్ళందరి చూపూ పరీక్షించే చిన్నవదినను ఒక బొమ్మ కూచోబెట్టి పరీక్షించింది. పెద్దవదిన వంతు వచ్చింది. "మళ్ళీ ప్రయత్నించండి" అని తెర మీద పడింది.

"సర్వర్ పనిచేయనప్పుడు ఈ ముక్క నేను వందమందికి చెబుతాను. చెప్పించుకుంటే ఇలా ఉంటుందన్నమాట," అంది పెద్దవదిన. వాళ్ళందరి మీదా ఆమెకు మొదటిసారి జాలి కలిగింది. ఆట మనిషికి సంస్కారం నేర్పుతుందనడానికి ఇంకేం రుజువు కావాలి?

పాఠాల గండం గడిచాక ఆన్‌లైన్. "మీ స్థాయికి తగిన ప్రత్యర్థి కోసం వెతుకుతున్నాం" అంది తెర. వెతుకుతూనే ఉంది.

"లోకమంతా గాలించడమెందుకు? అదిగో, పొయ్యి దగ్గర ఉల్లిపాయలు మాడుస్తోంది," అంది పెద్దవదిన.

యంత్రానికి వినపడలేదు. ఏ ఖండం నుంచో ఎవరినో పట్టుకొచ్చింది. వాడి పేరు ఒక అంకె. వాడు మొదటి గుద్దుకే పెద్దవదిన మనిషిని గాల్లోకి లేపాడు. దీన్ని కాంబో అంటారని చిన్నన్నయ్య భక్తితో చెప్పాడు. లేచిన మనిషి మళ్ళీ నేల మీద కాలు మోపలేదు. పెద్దవదిన రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, వాడు కొట్టడం పూర్తయ్యేదాకా ఓపిగ్గా కూచుంది. కౌంటర్ అలవాటు.

"అయిందాండీ?" అని తెరను అడిగి లేచి వెళ్ళిపోయింది.

అక్కణ్ణించి మా ఇంట్లో శాంతి వెల్లివిరిసింది. ఎవరూ ఎవర్నీ ఎత్తి కుదేయలేదు. స్టవ్వు మీద పొంగిన పాలు పొంగినట్టే ఎండి అట్టకట్టాయి. ఇద్దరూ చూశారు, ఒక్కరూ అనలేదు. చిన్నవదిన దువ్వెన రెండు రోజులు కనపడలేదు. కనపడ్డాక ఎక్కడ దొరికిందని ఆమె అడగలేదు. "అక్కా" పోయి "అక్కగారూ" వచ్చింది. "ఏమే" పోయి "చూడమ్మా" వచ్చింది. గరిటె దగ్గర ఇద్దరి చేతులూ కలిస్తే "మీరు తీసుకోండి", "పరవాలేదు, మీరే కానివ్వండి" అనుకునేవారు. ఈ మర్యాద తెమిలేలోపు కూర మాడేది. మాడిన కూరను కూడా ఇద్దరూ బాగుందనేవారు.

నాకైతే ఒళ్ళు జలదరించేది. అది నా సంస్కారలోపం. పెద్దన్నయ్య మాత్రం పొంగిపోయాడు. "ఇల్లు ఆస్పత్రిలా ప్రశాంతంగా ఉంది," అన్నాడు. చిన్నన్నయ్య ఆ పొగడ్తలో సగం తన ఖాతాలో వేసుకున్నాడు.

అలాంటి ప్రశాంతతలో ఒక ఆదివారం పొద్దున పెద్దవదిన కాఫీ గ్లాసు కింద పెట్టి, చాలా మృదువుగా, "మేం వేరే ఇల్లు చూసుకున్నామండీ," అని మా నాన్నతో చెప్పింది.

నాన్న ఉలిక్కిపడ్డారు. "ఏమ్మా, ఇద్దరూ పోట్లాడుకున్నారా?"

"అయ్యో, లేదు మావయ్యగారూ. పోట్లాడుకుని మూడు నెలలైంది."

"మరి వేరెందుకమ్మా?"

పెద్దవదిన చిన్నవదిన వైపు చూసింది. చిన్నవదిన కిటికీ వైపు చూసింది.

"చాలా పోగైపోయాయి మావయ్యగారూ," అంది పెద్దవదిన. "ఇప్పుడు మొదలుపెడితే ఏ కూతకీ తెమలవు."

నేను చిన్నవదినను పక్కకు లాగి, ఒక్కసారి గట్టిగా అరిచెయ్యమన్నాను. "ఉత్త నోటితో ఎలా అంటాం అమ్మాయ్? నోటితో అంటే నిజమైపోదూ," అంది.

సామాన్లు పంచుకునేటప్పుడు కూడా గొడవ పడలేదు. "పెద్ద కుక్కర్ మీరుంచుకోండి" అని ఒకరు, "మీరే తీసుకెళ్ళండి" అని ఒకరు. వాకిట్లో చుట్టాలు ఆ మర్యాదకు ముచ్చటపడ్డారు. ఇంత సామరస్యంగా విడిపోయిన కుటుంబాన్ని తామెన్నడూ చూడలేదన్నారు. లారీ కదిలాక చిన్నవదిన వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ చేయి చాపని గరిటెను కాసేపు పట్టుకుని నిలబడింది.

చిన్నన్నయ్యకు భార్య మీద జాలి వేసింది. ఆ సాయంత్రం టీవీ పెట్టి, రిమోట్ ఆమె చేతిలో ఉంచాడు.

"ఇప్పుడు ఇల్లంతా నీదే. అడ్డొచ్చేవాళ్ళు లేరు. స్థిమితంగా నేర్చుకో."

"నేర్చుకుని ఎవర్ని కొట్టాలి?"

"ఎవర్నైనా కొట్టు. అదిగో చూడు, ఈ నిమిషాన ఇరవై లక్షల మంది ఆడుతున్నారు."

చిన్నవదిన తెర మీది ఆ అంకెను చూసింది. తర్వాత రిమోట్ ఆయన చేతిలోనే పెట్టేసింది.

"వాళ్ళు నన్నేం చేశారండీ, పాపం," అంది.