వనపర్తి మోటారు సర్దార్లు

మానవ నాగరికత చక్రం మీద నడుస్తున్నది! ఆ చక్రం టైరు మీద నడుస్తున్నది! ఆ టైరు మాత్రం ఫస్లీ 1352లో, అంటే పెద్ద యుద్ధం నాలుగో ఏట, వనపర్తి చుట్టుపక్కల ఎక్కడా దొరకడం లేదు. కాబట్టి మా ఊర్లో నాగరికత తాత్కాలికంగా నిలిచిపోయిందని మనవి.

ఈ మనవి చేస్తున్న నేను కురుమూర్తిని. తహసీల్ కచేరి ముందర చాప పరుచుకొని, వచ్చినవాళ్లకు అర్జీలు రాసిపెట్టే అర్జీనవీసును. నాకు మోటారు లేదు. సైకిలు కూడా లేదు. అయినా వనపర్తి మోటారు సర్దార్ల సంఘానికి కార్యదర్శిని నేనే! నా దస్తూరి బాగుంటుందని, సంఘం తీర్మానాలు పదికాలాలపాటు చదువుకోదగ్గట్టు ఉండాలని అధ్యక్షులవారి పట్టుదల.

అధ్యక్షులు మద్దిలేటి రెడ్డి దొర. పదకొండు ఊర్లకు దేశ్‌ముఖు. పన్నెండేండ్ల కింద హైదరాబాదు నుంచి తెప్పించిన పొడుగాటి నల్ల కారు వారిది. దానికి వారు చేయించిన మార్పులు ఇన్నీ అన్నీ కావు. ఇంజను చప్పుడు తగ్గించే గొట్టాన్ని ముందుగాల్నే కోయించి పారేయించారు. "చప్పుడు లేకుంటె స్పీడు పోతున్నమని ఊరోళ్లకెట్ల తెలుస్తది?" అని వారి వాదన. వేగం చూపించే ముల్లు అరవై దగ్గర ఇరుక్కుపోయింది. కారు కదిలినా అరవై, నిలబడినా అరవై. దొరగారు దాన్ని బాగుచేయనివ్వలేదు.

రెండో సర్దారు వెంకట్రాములు వకీలు. పెట్రోలు కూపన్ల మీదికి వచ్చినప్పటినుంచి ఆయన తన కారు వెనక బొగ్గు పొయ్యి బిగించి, ఆ గ్యాసుతో నడుపుతున్నాడు. మూడోవాడు నూనెమిల్లు రామన్న సేఠు. ఆయన కారుకు మూడు హారన్లు. ఒకటి మనుషులకు, ఒకటి పశువులకు, ఒకటి అధికారులకు.

ప్రతి శుక్రవారం పొద్దుగూకే వేళకు దొర గడి ముందర సంఘం కూడేది. మూడు కార్లూ వరుసగా నిలబడేవి. ఎవరి కారులో వాళ్లు కూర్చొని, అద్దాలు దించి మాట్లాడుకునేవాళ్లు. కార్లను అక్కడిదాకా జీతగాళ్లు తోసుకొచ్చేవాళ్లు. పెట్రోలు పొదుపు యుద్ధ సమయంలో ప్రతి పౌరుడి ధర్మం కదా!

"పెబ్బేరు చెరువు కట్ట మలుపు లేదూ? గాడ అరవై మీద తిప్పిన. బ్రేకు మీద కాలే పెట్టలే!" అనేవారు దొర.

ఇందులో అబద్ధమేమీ లేదు. బ్రేకు రెండేండ్లనుంచి మిస్త్రీ కొట్టంలో ఉన్నది.

"గదెంత పని దొరా! యాభై దాటినంక నేను స్టీరింగే ఇడిచిపెడ్త. దారి బండికే తెల్సు," అనేవాడు వకీలు.

"నేనైతె మలుపుల కాడ కండ్లు మూసుకుంట," అనేవాడు రామన్న సేఠు. ఆయన నిజాయితీపరుడు.

టైర్ల మాట వస్తే మాత్రం అందరి గొంతులూ తగ్గేవి. ట్యూబులు ఎప్పుడో చచ్చిపోయాయి. టైర్లలో వరిగడ్డి కుక్కించి కుట్టించుకున్నారు. ఒక శుక్రవారం వకీలుగారి వెనక టైరు కుట్టు విడిచి గడ్డి బయటపడింది. అటుగా పోతున్న ఎద్దు ఒకటి వచ్చి, తీర్మానం చదివినంతసేపూ తాపీగా టైరు తిన్నది. ఆనాటి సమావేశానికి అది హాజరైనట్టు నేను రాయలేదు.

ఈ మూడు కార్లకూ ప్రాణం పోసే మిస్త్రీ అబ్దుల్ మజీద్. సంఘంలో మాటల సర్దార్లు ముగ్గురైతే, మోటారు నడపడం వచ్చినవాడు ఊర్లో అతనొక్కడే. కానీ అతను సభ్యుడు కాడు. అతనిది కారు కాదు, పాత లారీకి బల్లలు వేసి చేసుకున్న సర్వీసు. వనపర్తి నుంచి పెబ్బేరు మీదుగా బీచుపల్లి రేవు దాకా రోజూ తిరిగేది. గద్వాల దిక్కు జనం పుట్టిలో కృష్ణ దాటి వచ్చి, అక్కడ అతని మోటారెక్కి వనపర్తి దవాఖానకు, కచేరికి వచ్చేవాళ్లు. దాని టైర్లు పూర్తిగా పోయి మూడు నెలలయింది. గడ్డి కుక్కితే అంత బరువు మోయదు. జనం ఎడ్లబండ్ల పాలయ్యారు. పెబ్బేరులో కూరగాయలమ్మే సత్తెమ్మ, కాలికి ముల్లు గుచ్చుకొని చీము పట్టి, రెండు రోజులకు దవాఖాన చేరింది. ఒక వేలు తీసేశారు. "నిన్న తెచ్చినా ఉండేది," అన్నాడు డాక్టరు.

అప్పుడు మజీద్ నాతో అర్జీ రాయించుకున్నాడు, నాలుగు టైర్లు ఇప్పించమని. దాని కింద ఇద్దరు గౌరవనీయులైన మోటారు యజమానుల దస్తఖతులు ఉంటే బాగుంటుందని నేనే చెప్పాను. శుక్రవారం సమావేశానికి వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"దొరా, జర దస్తఖత్ చేయున్రి. జనం పరేషాన్ల ఉన్నరు."

దొర కారు అద్దంలోంచి తల బయటపెట్టారు. "మజీదూ, మాది మోటారు సర్దార్ల సంఘం. నీది బల్లలేసిన లారీ. అండ్ల మేకలు గూడ ఎక్కుతయంట గద?"

"ఎక్కుతయి దొరా. టికెట్ తీస్కొనే ఎక్కుతయి."

"ఇన్నవా వకీల్ సాబ్! రేపు మేకలు గూడ మోటారు యజమానులమంటయి!"

"మనం దస్తఖత్ చేస్తె మేకలకు చేసినట్టయితది. కానూనుల గట్ల లేదు," అన్నాడు వకీలు.

నేను తీర్మానం రాశాను: 'మేకల ప్రయాణ కష్టాలకు ఈ సంఘము సానుభూతి తెలుపుచున్నది. దస్తఖతు మాత్రము సాధ్యపడదు.' నా దస్తూరి ఎప్పటిలాగే బాగుంది. చదివి వినిపిస్తుంటే మజీద్ నా మొఖం వంక చూశాడు. నేను కాగితం వంక చూశాను. అర్జీ దస్తఖతులు లేకుండానే జిల్లాకు పోయింది.

నెల తిరక్కుండా జిల్లా నుంచి హుకుం వచ్చింది! 'నడిచే స్థితిలోనున్న మోటార్లు వచ్చే బుధవారము తనిఖీ చేయబడును. యజమానులు తమ మోటారు హాలతును, అనగా స్థితిని, దస్తఖతుతో దాఖలు చేయవలెను. పిదప తగు కార్రవాయి జరుగును.'

ఆ సాయంత్రం శుక్రవారం కాకపోయినా సంఘం కూడింది. ఈసారి కార్లు రాలేదు. మనుషులే వచ్చారు.

"కార్రవాయంటె ఏందనుకుంటున్నరు?" వకీలు గొంతు తగ్గించాడు. "జప్తు! నడిచే మోటరు కండ్ల వడితె ఫౌజుకు తోలుకపోతరు. బర్మా సరిహద్దుకు!"

దొర మొఖం పాలిపోయింది. తర్వాత దొరగారే మెల్లగా అన్నారు: "అసలు నా కారు నడుస్తదని ఎవడన్నడు?"

అంతే! సంఘం చరిత్రలో అంత ఉత్సాహంగా సాగిన చర్చ మరొకటి లేదు.

"దొరా, మీది నయం. తోస్తెనన్న కదుల్తది. నాది తోసినా కదలదు!" అన్నాడు వకీలు.

"నీది కదలకపోతె ఏంది? నా దాంట్ల ఇంజనే సగముంది!" అన్నారు దొర.

"నా బండి పేరుకే బండి," అన్నాడు రామన్న సేఠు. "హారన్ల కింద ఏముందో నాకే తెల్వదు."

"కురుమూర్తీ, రాసుకో! నా కారు ఐదేండ్ల సంది గడప దాటలే!" దొర గట్టిగా అరిచారు.

"ఐదేనా దొరా? నాది ఏడు రాయి!" అన్నాడు వకీలు.

"వకీల్ సాబ్, నీ కారు కొని ఆరేండ్లే గద?" అన్నాడు సేఠు.

"అయితె కొన్ననాడే చెడిందని రాయి!"

మూడు హాలతు పత్రాలు రాశాను. ముగ్గురూ మూడు చోట్ల దస్తఖతు చేశారు. అంతటితో తృప్తి పడక, ముగ్గురూ చక్రాలు విప్పించి గడ్డివాముల్లో దాచారు. దొరగారు కారు తలుపులు తీయించి, లోపలికి కోళ్లను తోలించారు. రెండు రోజుల్లో వాటికి అది సొంతిల్లయింది.

మజీద్ కూడా వచ్చి నా ముందర కూర్చున్నాడు.

"అందరూ ఏమని రాయిస్తున్నరు పంతులూ?"

చెప్పాను. వకీలు చెప్పిన బర్మా సంగతీ చెప్పాను. అతను గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు.

"ఇంజను మంచిగుంది, టైర్లు లెవ్వు అని రాయి. తీస్కపోతె తీస్కపోనీ. ఈడ నిలవడి తుప్పు పట్టేదానికంటె, యాడనో ఒకాడ మనుషుల్ని మోస్తది గద."

ఖైరున్నిసా, అతని భార్య, వెనకే నిలబడి ఉంది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది గానీ వద్దనలేదు. ఆ ఒక్క పత్రానికి నేను రాతకూలి తీసుకోలేదు.

బుధవారం మోటార్ల తనిఖీ ఆఫీసరు సుభాన్ అలీ సాబ్ దయచేశారు. ఎడ్లబండిలో! వారి సర్కారు మోటారుకూ టైర్లు లేవట. బండి వెనక గోనెపట్టాలు చుట్టిన మూట ఒకటి ఉంది. పడక కాబోలు అనుకున్నాం.

సాబ్ ముందుగా గడికి వచ్చారు. కారు చూశారు. కోడిపెట్ట ఒకటి స్టీరింగు మీదినుంచి వారిని చూసింది.

"ఇది పూర్తిగ ఖరాబైందా?"

"పూర్తిగ సాబ్! ఐదేండ్లాయె!" దొర గొంతులో అంత వినయం నేనెన్నడూ వినలేదు. "మోటారని పిలుస్తె మోటార్లకే అవమానం!"

వకీలూ సేఠూ తమ తమ కార్ల దురవస్థను కండ్లనీళ్లు పెట్టుకొని వివరించారు. సాబ్ మూడు పత్రాలూ చదివి, సంచీలో పెట్టుకొని నిట్టూర్చారు.

"అఫ్సోస్! ఈ తాలూకాకు నాలుగు కొత్త టైర్లు మంజూరైనయి. కారుకైనా లారీకైనా పట్టేటియి. నడిచే మోటారుకే ఇయ్యాలె. పెద్దమనుషులు గద, మీకే ఇస్తననుకున్న."

బండివాడు గోనెపట్టా విప్పాడు. నాలుగు టైర్లు! నల్లగా, నిగనిగలాడుతూ, కొత్త రబ్బరు వాసనతో! వీధంతా ఆ వాసన నిండింది. రామన్న సేఠు కండ్లు మూసుకున్నాడు.

మొదట తేరుకున్నది దొర. "సాబ్! కారు నడుస్తది! ఇప్పుడే చూపిస్త! ఒరేయ్, కోళ్లను తోలుండ్రి!"

"నాది బొగ్గు మీద పరుగెత్తుతది సాబ్! యాభై మైళ్లు!" అన్నాడు వకీలు.

సుభాన్ అలీ సాబ్ అద్దాలు పైకి జరుపుకున్నారు. "మరి ఈ దస్తఖతులు మీయి కావా? యుద్ధకాలంల సర్కారుకు తప్పుడు బయాను ఇస్తె ఏమైతదో వకీల్ సాబ్‌కు తెల్సు గద?"

వకీలుకు తెలుసు. అందుకే దొర చెయ్యి పట్టి వెనక్కు లాగాడు. "సాబ్, దొరవారు పరాచికమాడుతున్నరు. కారు చచ్చింది. నిశ్చయంగ చచ్చింది."

మజీద్ లారీని సాబ్ ఎక్కి చూశారు. హ్యాండిలు తిప్పగానే ఇంజను పలికింది. కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, టైర్లు దింపించారు. మజీద్ ఒక్కొక్క టైరునూ చేత్తో నిమిరి, పోయి మొఖం కడుక్కొచ్చాడు.

మర్నాడే సంఘం మజీద్‌ను పిలిపించింది. కూర్చోమని కుర్చీ కూడా వేసింది!

"మజీదూ, నిన్ను సభ్యున్ని చేస్తున్నం," అన్నారు దొర. "ఆ టైర్లు ఇగ సంఘం సొత్తు. వారానికొకరం ఏస్కుంటం. నాలుగో వారం నీది."

మజీద్ కుర్చీలో కూర్చోలేదు. "దొరా, మీ బండ్లు చచ్చినయని మీరే దస్తఖత్ చేసిన్రు. చచ్చినయాటికి సర్కారు టైర్లేస్తె నన్ను జైల్ల ఏస్తరు. మిమ్మల్ని గూడ ఇడువరు."

నేను తీర్మానం రాయడానికి కలం ఎత్తాను. మజీద్ మాటలనే ఉన్నదున్నట్టు రాసుకున్నాను, మొదటిసారి.

శనివారం పొద్దున మజీద్ మోటారు బయలుదేరింది. ఊరు ఊరంతా వచ్చింది. సత్తెమ్మ గంపతో ముందే ఎక్కి కూర్చుంది. రెండు మేకలూ ఎక్కాయి. ఇంతలో గడి దిక్కునుంచి పట్టుచీర కట్టుకొని, కొబ్బరికాయల బుట్టతో ఒకామె నడిచి వచ్చింది. జనం పక్కకు తప్పుకున్నారు. ఆమె అమృతమ్మ దొరసాని, మద్దిలేటి రెడ్డి దొర భార్య! బీచుపల్లి ఆంజనేయస్వామికి ఎప్పటిదో మొక్కు ఉన్నదట.

వెనకే దొర ఉరికొచ్చారు. "ఏందిది? గడి దొరసాని మేకలతోని పోవుడేంది? ఇజ్జత్ పోతది. నడువ్, ఇంటికి! మన కారుల పోదువు."

అమృతమ్మ తిరిగి చూసింది. "ఎప్పుడు?"

దొర వెనక్కి తిరిగి గడి దిక్కు చూశారు.

ఆమె మోటారు దగ్గరికి వచ్చి నిలబడింది. మెట్టు వంక చూసింది. ఎత్తుగా ఉన్న బల్లల వంక చూసింది. ఒక చేత్తో బుట్ట, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకొని, లోపల కూర్చున్న సత్తెమ్మను మెల్లగా అడిగింది. అయినా అందరికీ వినిపించింది.

"సత్తెమ్మా, నేనెన్నడూ మోటారెక్కలే. ముందుగాల ఏ కాలు పెట్టాలె?"

సత్తెమ్మ గంప పక్కకు జరిపి చెయ్యి అందించింది. "ఏదైతే ఏందమ్మా, ఎక్కు. నా పక్కన జాగ ఉంది."