ఆదెమ్మ బతికున్నట్టు స్పష్టమైన ఫోటో

బతికి ఉండడం మనిషి సొంత వ్యవహారం. బతికి ఉన్నట్టు కనబడడం మాత్రం పరిపాలనా వ్యవహారం. ఈ రెండూ ఒకటేనని జనం అనుకోవడం వల్లే ఇన్ని తగాదాలు వస్తున్నాయని, మదనపల్లెలో సజీవ ధ్రువీకరణ విభాగం సహాయాధికారి మధుసూదన్ తన కౌంటరుకు వచ్చిన ప్రతివాళ్లకూ ఓపిగ్గా వివరిస్తుంటారు.

పుంగనూరు పక్క పల్లెలో ఉండే ఆదెమ్మకు ఈ తేడా ఆలస్యంగా తెలిసింది. పింఛనుదారులు ప్రాణాలతో ఉన్నారో లేదో ముఖం చూసి తేల్చే 'సజీవి' అనే యాప్, కోడలు వసుధ ఫోన్‌లో ఆవిడ ముఖాన్ని చూసి, 'ముఖం కనబడలేదు' అంది. మళ్లీ చూపిస్తే మళ్లీ అదే మాట. పింఛను ఆగింది. ఆ మరుసటి నెలలో ఆదెమ్మ చెవుల కమ్మలు బ్యాంకులో కుదువకు వెళ్లాయి. (బ్యాంకువాళ్లు కమ్మలను గీసి చూసుకున్నారు, తూచి చూసుకున్నారు. ఆదెమ్మ బతికుందా అని అడగలేదు.)

అత్తను వెంటబెట్టుకుని వసుధ కౌంటరు ముందు నిలబడింది.

"ఫోన్‌లో తీస్తే ఇంతేనమ్మా," అన్నారు మధుసూదన్. "పెద్ద కెమెరాతో తీసి పంపండి. కొత్త ఉత్తర్వు ప్రకారం మనిషి స్పష్టంగా ఉండాల, వెనక ఉండేదంతా మసగ్గా ఉండాల."

"మనిషి మీ ఎదురుగానే ఉండాది గదా సార్."

"ఎదురుగా ఉంటే నాకు కనిపిస్తాది. విభాగానికి కనిపించొద్దా?"

వసుధ డిగ్రీ చదువుకున్న మనిషి. పద్ధతిగా ఉన్న మాటకు ఎదురు చెప్పే అలవాటు లేదు. కుప్పం వెళ్లింది.

కుప్పంలో ఫోటో స్టూడియో నడిపే షకీల్ డిగ్రీలో ఆమెకు జూనియర్. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమని తయారైన డీఎస్ఎల్ఆర్ కెమెరా ఒకటి అరువిచ్చాడు.

"నువ్వేమీ నేర్చుకోబళ్లేదక్కా. అన్నీ అదే సూసుకుంటాది. నీ పని బటన్ నొక్కేదే."

"అది కూడా దానికే నేర్పించుంటే పోయేది గదప్పా."

"వచ్చే మోడల్‌లో వస్తాదంట."

కెమెరా నెత్తిమీద ఒక చక్రం, దాని చుట్టూ చిన్న చిన్న బొమ్మలు. పచ్చ బొమ్మ దగ్గర పెడితే వెలుగు ఎంత కావాలో, దూరం ఎంతో, ఫ్లాష్ వెలగాలో వద్దో అన్నీ కెమెరాయే నిర్ణయిస్తుంది. తీసేవాళ్ల అభిప్రాయం అడగదు. (ఈ పద్ధతి వసుధకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటే.) గైడ్ మోడ్‌లో పెడితే మాత్రం, 'మీరు దేన్ని ఫోటో తీయాలనుకుంటున్నారు?' అని ముందుగా అడుగుతుంది. ఇంత మర్యాదైన ప్రశ్న ఈ మధ్య ఏ కౌంటరూ ఆమెను అడగలేదు. జవాబుల్లో మనుషులు, పసిపిల్లలు, పూలు, ప్రకృతి దృశ్యాలు, ఆటల పోటీలు ఉన్నాయి. బతికున్న అత్తగార్లు లేరు.

మనుషుల మోడ్‌లో తీసింది. చర్మాన్ని నునుపు చేసి చూపడం ఆ మోడ్ గొప్పతనం. ముడతలన్నీ సర్దుకుని ఆదెమ్మ పెళ్లీడు పిల్లలా వచ్చింది. 'పింఛనుదారు కుమార్తె ఫోటో పంపరాదు' అని సజీవి తిరగ్గొట్టింది.

"ఇది దాచిపెట్టు మే," అంది ఆదెమ్మ, కెమెరా తెరలో తనను చూసుకుంటూ. "నేను పొయినాక దీనికే దండెయ్యండి. నీకంటే సిన్నదాన్నిగా ఉండాను."

వసుధ ప్రకృతి దృశ్యాల మోడ్‌కు తిప్పింది. ఇందులో ప్రతి గీతా తేటగా వస్తుందని షకీల్ చెప్పాడు. వచ్చింది. సజీవి ఆ ముఖాన్ని శ్రద్ధగా పరిశీలించి, 'దున్నిన మెట్ట చేను, విత్తనం పడలేదు' అని తేల్చి వ్యవసాయ విభాగానికి బదిలీ చేసింది. (వేరుశనగకు అదను దాటిపోతోందని ఆ విభాగం మర్నాడే హెచ్చరిక పంపింది. చురుకుదనాన్ని ఎక్కడున్నా మెచ్చుకోవాలి.)

పసిపిల్లల మోడ్‌లో ఫ్లాష్ ఠపీమని వెలిగింది. ఆదెమ్మ కళ్లు మూసుకుంది. 'కళ్లు మూసినవారి తరఫువారు పై అంతస్తులో సంప్రదించాలి' అని జవాబు.

"ఇంక సాలుగాని లెయ్," అంది ఆదెమ్మ. "పాలు పిండే పొద్దయింది. నేను బతికుండేది ఆవుకు తెలుసు."

ఆవిడ కొట్టం వైపు నడిచింది. నడిచే మనిషి కాబట్టి వసుధ ఆటల పోటీల మోడ్ పెట్టి బటన్ నొక్కి పట్టుకుంది. కెమెరా టపటపా తీసుకుంటూ పోయింది. వాటిలో ఒకటి కుదిరింది. ఆవు మెడ మీద చెయ్యేసి ఆదెమ్మ ఇటు తిరిగి చూస్తోంది. ముడతలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి, వెనక ఆవు ఉత్తర్వు ప్రకారం మసగ్గా ఉంది. వసుధ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. అత్త అందంగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

ఈ కెమెరాకు ఇంకో సుగుణం ఉంది. తీసిన ఫోటోను తీగ లేకుండా తానే ఫోన్‌కు చేరవేస్తుంది. కొత్తవాళ్లు ఇబ్బంది పడకూడదని, ఫోన్‌లో ఏ యాప్ తెరిచి ఉంటే దాని చేతికే అందిస్తుంది. కొట్టానికి వస్తూ వసుధ తమ పుంగనూరు జాతి ఆవు 'చుక్క' పేరు ఎక్కించడానికి 'గోముద్ర' అనే పశువుల యాప్ తెరిచి, మూయడం మరిచింది.

గోముద్ర వెంటనే జవాబిచ్చింది. గుర్తింపు పూర్తయింది. జాతి పుంగనూరు. ఎత్తు, జాతికి తగినట్టు పొట్టి. పళ్లు కొన్ని. స్వభావం సాధువు. (ఈ అంశంపై వసుధ తన అభిప్రాయాన్ని నమోదు చేయలేదు.) పరిస్థితి సజీవం. కింద ఒక సూచన కూడా ఉంది: 'వెనక మసగ్గా అడ్డం వచ్చిన ఆకారాన్ని తదుపరి ఫోటోలో తొలగించగలరు.'

దీన్ని దిద్దించుకోవడానికి మర్నాడు అత్తాకోడళ్లు మదనపల్లె బస్సెక్కారు.

మధుసూదన్ ఫోన్ తీసుకుని రెండుసార్లు చదివారు. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఏల దిద్దేది? ఒక శాఖ బతికుండారని ఒప్పుకుంటే ఇంకో శాఖ కాదనకూడదు. మా సర్టిఫికెట్ ఏడాదికే. ఇదైతే పాలు మానేసేదాకా చెల్లుతాది."

"మా అత్త మనిషి సార్."

"ఆ కాలమ్ మా దగ్గర లేదమ్మా. బతికుండారా లేదా, అంతే." ఆయన ఆదెమ్మ వైపు తిరిగారు. "ఈ నెల నించే పింఛను వస్తాదవ్వా. ఒకటే షరతు. గోముద్రలో చేరినోళ్లకు చెవికి పసుపు బిళ్ల ఉండాల. పశువుల డాక్టరు ఇంటికే వచ్చి తూటు పొడిచి తగిలిస్తాడు. కొంచెం నొప్పి పుడతాది."

వసుధ ఏదో అనబోయింది. ఆదెమ్మ ఆమె చెయ్యి నొక్కి ఆపింది. కొంగు తీసి, నెరిసిన జుట్టు వెనక్కి తోసి, కౌంటరు కిటికీలోకి చెవి పెట్టింది.

"పొడిచే పని లేదు నాయనా. తూటు ఉండాది. మీరు నన్ను సంపినప్పట్నించీ ఖాళీగానే ఉండాది."