సానరాళ్ల కంపెనీలో తీతువు కొలువు

ఒక పెద్ద అడవిలో ఒక సానరాళ్ల కంపెనీ ఉండేది. సింహం ఎక్కడుందని అడక్కండి, ఈ కథలో దానికి పని లేదు.

ఆ అడవిలో గోరింకలు, చిలకలు, ఉడతలు, గుడ్లగూబలు అన్నీ చెట్టు తొర్రల్లోనే కాపురం ఉండేవి. తొర్రలు తొలిచేది వడ్రంగిపిట్టలు. టేకు, నల్లమద్ది లాంటి గట్టి మానులు తొలిచి తొలిచి వాటి ముక్కులు మొద్దుబారేవి. ఆ ముక్కులకు పదును పెట్టే సానరాళ్లను కంపెనీ చేసేది. పందికొక్కులు కొండ తవ్వి రాయి తెచ్చి, గుండ్రంగా చెక్కి, ఇరుసు ఎక్కించేవి. వడ్రంగిపిట్టలు ఇప్పపువ్వు ఇచ్చి కొనుక్కునేవి.

లోకంలో పేరంతా తొర్రకే. తొర్ర తొలిచే ముక్కుకు అందులో కొంచెం. ఆ ముక్కును నూరే రాయిని చేసేవాడి పేరు మాత్రం ఏడాదికి ఒక్కసారే వినబడుతుంది, లెక్కలు చదివే రోజున.

కంపెనీ అధ్యక్షుడు ఏనుగు. ఆ పదవికి కావలసినవన్నీ ఆయనకు ఉన్నాయి. ఆకారం పెద్దది, నిద్ర ఇంకా పెద్దది. లెక్కలు చూసేది జవ్వాదిపిల్లి. మనిషికంటే ముందు వాసన వచ్చినట్టు, అది గదిలోకి రాకముందే దాని పరిమళం వచ్చేది. ఎంత పాడు కబురైనా దాని నోటి నుంచి వస్తే అత్తరు పూసుకుని వచ్చేది.

కంపెనీ ఒక్క ఏనుగుది కాదు. అడవిలో అందరూ తలా కాస్త ఇప్పపువ్వు పోసి పెట్టినది. పోసినవాళ్లకు ఏనుగు కాలిముద్ర వేసిన తునికాకు ఒకటి ఇచ్చేవారు. అదే వాటా. ఆ ఆకుల్ని అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. అక్కడ కాపురముండే ఒక గోరింక మొగుడికి అదే పని. పొద్దున లేచి ఆకు ధర కనుక్కోవడానికి పోయేవాడు, మధ్యాహ్నం మళ్లీ కనుక్కోవడానికి పోయేవాడు, సాయంత్రం తిరిగొచ్చి అలిసిపోయానని పడుకునేవాడు.

ఏటా తొలి వానకు ముందు లెక్కల సభ. సభకు ముందు లాభం ఎంత వస్తుందో అంచనా చెప్పడం ఆనవాయితీ. చెప్పేది చిలక. జోస్యం దాని కులవృత్తి. మంచి తప్ప చెడు చెప్పడం దానికి చేతకాదు.

ఒక ఏడు కంపెనీకి ఒక గంప ఇప్పపువ్వు లాభం వచ్చింది. మరుసటి ఏడు మూడు గంపలు వస్తుందని చిలక చెప్పింది. వచ్చింది రెండు గంపలు.

సభలో జవ్వాదిపిల్లి "రెండు గంపలు" అని చదవగానే గొల్లుమని ఏడుపు లేచింది. గోరింక మొగుడు నేలమీద పడి రెక్కలు కొట్టుకున్నాడు. ఏనుగుకు మెలకువ వచ్చింది.

"ఎవరయ్యా పోయింది?"

"ఎవరూ పోలేదు దొరా. లాభం రెండు గంపలు వచ్చింది," అంది జవ్వాదిపిల్లి.

"నిరుడెంత?"

"ఒకటి."

"మరి ఏడుపెందుకు?"

"మూడు రాలేదని."

ఏనుగు చాలాసేపు చెవులు ఊపుకుంది. ఈ లెక్క దాని తలకు కూడా పట్టలేదు, అంత పెద్ద తల అయినా. సాయంత్రానికి ఆకు ధర సగానికి పడింది. కొన్ని ఆకుల్ని మేకలు తినేశాయి.

ఆ రోజే జవ్వాదిపిల్లికి ఒక తెలివి పుట్టింది. "దొరా, మన తప్పు రాళ్లలో లేదు, అంచనాలో ఉంది. రెండు గంపలు తేవడానికి పందికొక్కులు ఏడాదంతా కొండ తవ్వాయి. వాటిని ఏడుపుగా మార్చడానికి చిలక ఒక్క మాటే అంది. అంటే బలం ఎక్కడుందంటారు?"

"ఎక్కడుంది?"

"అంచనాలో."

చిలకను పీకేశారు. దాని చోట తీతువు పిట్టను పిలిపించారు. తీతువు సంగతి మీకు తెలిసిందే. అది కూస్తే బయల్దేరినవాడు చెప్పులు విప్పి లోపలికి పోతాడు.

"ఈ ఏడు మన కంపెనీ ఎలా ఉంటుందంటావు?" అని అడిగింది జవ్వాదిపిల్లి.

"పోతుంది," అంది తీతువు.

"ఏం చూసి చెప్పావు?"

"ఏమీ చూడలేదండీ. నాకు వచ్చింది అదొక్కటే."

"రేపే చేరిపో."

తీతువు చెరువు గట్టు మీద, రాళ్ల గుట్టల మీద తిరుగుతూ ఏడాదంతా కూసింది. ఒక గంప నష్టం వస్తుందని, అప్పు పుడుతుందని, కొండ కూలినా కూలవచ్చని. సభ రోజుకి అడవంతా బిక్కచచ్చి కూర్చుంది. జవ్వాదిపిల్లి గొంతు సవరించుకుని చదివింది.

"లాభం, అర గంప."

 అడవి దద్దరిల్లింది. కోతులు కొమ్మలు విరగ్గొట్టాయి. అడవిపంది ఆనందం పట్టలేక బురదలో దొర్లింది, అది మామూలుగా కూడా దొర్లేదే అనుకోండి. రెండు గంపలు వచ్చినప్పుడు ఏడ్చినవాళ్లంతా అర గంపకు చంకలు కొట్టుకున్నారు. ఆకు ధర ఆ పూటకే మూడింతలైంది.

గోరింక మొగుడు ఎగురుకుంటూ ఇంటికొచ్చాడు. "ఏమేవ్, వానాకాలానికి దాచిన పువ్వు ఎక్కడ?"

"ఎందుకు?"

"ఆకులు కొంటాను. ధర పెరుగుతోంది."

"తినేది ఏమిటి?"

"నీకు వ్యాపారం తెలీదే," అన్నాడు మొగుడు. తెలీదనే ఆమె కూడా అనుకుంది. దాచిన పువ్వంతా పోయి ఆకులొచ్చాయి.

అక్కడ కంపెనీలో జవ్వాదిపిల్లి ఇంకో మెట్టు ఎక్కింది. ఒక్క తీతువు ఇంత సాధిస్తే, పది గొంతులుంటే ఎంత సాధించవచ్చు? రాయి చెక్కే పందికొక్కుల్లో సగాన్ని తీసి అంచనాల శాఖలో వేసింది. పని ఏమిటంటే తీతువు కూసినప్పుడల్లా వెనక "అయ్యో, అయ్యో" అనడం. మిగిలిన సగం చేత చీమ పట్టే తొర్ర తొలిచేంత సన్నగా ముక్కును నూరే సానరాయి చేయించడం మొదలుపెట్టింది.

"చీమలు తొర్ర అడిగాయా?" అంది ఏనుగు.

"అడగలేదు దొరా. అడిగాక చేస్తే దాన్ని పనంటారు. అడక్కముందే చేస్తే దాన్ని ముందుచూపంటారు."

ఏనుగు ఆ మాటకు తృప్తిపడి నిద్రపోయింది.

అయితే తీతువు కూత ఏనుగుకు తప్ప అడవిలో అందరికీ వినిపిస్తుంది. వడ్రంగిపిట్టలకు కూడా వినిపించింది. కొత్త సానలు కావాలని ముందే చెప్పి పెట్టుకున్నవి ఒక్కొక్కటే వచ్చి వద్దని చెప్పి పోయాయి. చేసిన రాళ్లు చేసినట్టే కంపెనీ పెరట్లో వరసగా నిలబడి పాచి పట్టాయి. జవ్వాదిపిల్లి వాటిని లెక్కలో "అమ్ముడు కాబోతున్నవి" అని రాసుకుంది.

ఈలోగా గోరింక కడుపుతో ఉంది. ఉంటున్న తొర్ర మాను పుచ్చిపోయి గాలికి కూలింది. వాన వచ్చేలోపు కొత్త తొర్ర కావాలి. లేకపోతే గుడ్లు పెట్టే చోటు లేదు. పెట్టినా నీళ్లపాలే. ఆమె వడ్రంగిపిట్ట దగ్గరకు పోయింది.

"అన్నా, ఆ మద్దిమానుకు ఒక తొర్ర తొలిచిపెట్టు. వానలు దగ్గరికొచ్చేశాయి."

"ముక్కు చూశావా చెల్లమ్మా? గరిటెలా ఉంది. దీంతో మజ్జిగ కలుపుకోవాలి తప్ప మాను తొలవలేను."

"సాన కొనుక్కోవచ్చు కదా!"

"ఎవరి దగ్గర? ఆ కంపెనీ పోతుందని రాత్రింబవళ్లు కూస్తున్నారు కదా. రేపు ఇరుసు విరిగితే బాగుచేసేదెవరు? పోయే కంపెనీ సరుకు కొనే వెర్రివాణ్ణి కాను."

"పోతుందని చెప్పిస్తున్నది కంపెనీయేనట అన్నా."

"అయితే ఇంకేం, వాళ్లకు తెలియకుండా ఉంటుందా?" అన్నాడు వడ్రంగిపిట్ట.

గోరింక అక్కడి నుంచి తిన్నగా కంపెనీకి పోయింది. జవ్వాదిపిల్లి ఎదురొచ్చి కూర్చోబెట్టింది.

"అయ్యా, నా ఆకులు తీసుకుని నా పువ్వు నాకు ఇచ్చేయండి. పక్క అడవి నుంచి పదునున్న వడ్రంగిని తెచ్చుకుంటాను."

"అయ్యో గోరింకమ్మా! ఇంత ధర పలుకుతున్నప్పుడు ఎవరైనా వదులుకుంటారా? ఈ అడవిలో నీకంటే భాగ్యవంతురాలు లేదు."

"ఆ భాగ్యం తినవచ్చా?"

"తినకూడదమ్మా, చూసుకోవాలి."

"అందులో గుడ్లు పెట్టవచ్చా?"

జవ్వాదిపిల్లి చిరునవ్వు నవ్వింది. గది నిండా పరిమళం వచ్చింది. లేచి ఆమెను వాకిలి దాకా సాగనంపింది.

బయట తీతువు కనబడితే గోరింక దాన్ని నిలదీసింది. "నీకూ పిల్లలుంటారు కదా. ఈ వానాకాలం నువ్వెక్కడ తలదాచుకుంటావు?"

"నాకు తొర్రతో పనేముందమ్మా?" అంది తీతువు. "నేను బయలు నేల మీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెడతాను. మా వంశంలో తొర్ర చూసినవాడే లేడు."

తొర్రల వ్యాపారం గురించి అడవికంతటికీ చెప్పేవాడు తొర్రే ఎరగనివాడని గోరింకకు అప్పుడు తెలిసింది. దాన్ని తిట్టాలనిపించలేదు. అది అబద్ధమాడలేదు, అడిగిన కూత కూసింది.

సభ రోజు వచ్చింది. ఆకాశం నల్లగా ఉంది. ఆ ఏడు తీతువు అంచనా ఏమిటంటే, కంపెనీలో ఒక్క పువ్వు కూడా మిగలదు, పైగా మూడు గంపల అప్పు తేలుతుంది.

జవ్వాదిపిల్లి రాతిమీదికెక్కింది. "వాటాదారులారా! కంపెనీలో ఒక్క పువ్వు కూడా మిగల్లేదు."

అందరూ ఊపిరి బిగబట్టారు.

"అయితే, అప్పు లేదు!"

నిజానికి అప్పు ఇచ్చేవాడు దొరకలేదు. తీతువు కూత విన్నాక ఎవడిస్తాడు? కానీ ఆ సంగతి ఎవరడిగారు? అడవి అదిరేలా కేకలు. గోరింక మొగుడు పెళ్లాన్ని పట్టుకుని ఊపేశాడు. "మూడు గంపలు మిగిలినట్టేనే! మూడు గంపలు!"

తొలి చినుకు గోరింక ముక్కు మీద పడింది.

ఆమె మొగుడి రెక్క కింద నుంచి ఆకుల కట్ట లాగేసుకుని రాతి మీద వాలింది. "అయ్యా, ఒక సందేహం. ఈ కంపెనీ ఎవరిది?"

"వాటాదారులది. అంటే మీ అందరిదీ!" అంది జవ్వాదిపిల్లి. చప్పట్లు పడ్డాయి.

"పెరట్లో రాళ్లు?"

"అవీ మీవే!" మళ్లీ చప్పట్లు.

"అయితే ఇవిగో మీ ఆకులు. నా రాయి నేను తీసుకుపోతాను."

చప్పట్లు ఆగిపోయాయి. జవ్వాదిపిల్లి పరిమళం కొంచెం మారింది.

"అలా కుదరదమ్మా. అది మీదే గానీ, మీరు తీసుకోకూడదు."

"ఎందుకని?"

"తీసుకుంటే మీదవుతుంది కదా!"

గోరింక దానితో వాదించలేదు. వాన బలపడుతోంది, వాదనకు వేళ కాదు. పెరట్లోకి పోయి మొదటి రాయి ముందు నిలబడి, "ఎవరైనా ఒక చెయ్యి వేస్తారా?" అంది. అంచనాల శాఖ పందికొక్కులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఏడాదిగా "అయ్యో, అయ్యో" అని గొంతులు పూడుకుపోయాయి.

"రాయి తిప్పడం దీనికంటే నయం రా," అంది ఒక ముసలి పందికొక్కు. నలుగురూ కలిసి రాయిని మద్దిమాను దాకా దొర్లించారు. గోరింక వడ్రంగిపిట్టను చెవి మెలేసినంత పని చేసి లాక్కొచ్చింది.

"ఇరుసు విరిగితే?" అన్నాడు వడ్రంగిపిట్ట.

"విరిగినప్పుడు ఏడుద్దాం అన్నా. ఇప్పుడు ముక్కు పెట్టు."

రాయి తిరిగింది. ముక్కు నుంచి నిప్పురవ్వలు లేచాయి. కాసేపటికి మద్దిమాను మీద టకటకమని చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు విని అడవికి తన నెత్తి తడుస్తోందని గుర్తొచ్చింది. ఉడతలు, చిలకలు, గుడ్లగూబలు ఆకులు పట్టుకుని పెరట్లోకి ఉరికాయి.

"ఆస్తి! కంపెనీ ఆస్తి!" అని జవ్వాదిపిల్లి అటూ ఇటూ పరిగెత్తింది.

ఏనుగు లేచింది. "ఏమిటా సందడి?"

"వాటాలు పంచుతున్నారు దొరా," అంది ముసలి పందికొక్కు.

"మంచిది, ఏటా పంచుతున్నామా?"

"ఇదే మొదలు దొరా."

ఏనుగు సరేనని వానలోనే పడుకుంది.

ముసురు పట్టేసరికి మద్దిమానుకు కొత్త తొర్ర అయింది. గోరింక నీలం గుడ్లు పెట్టి పొదిగింది. ఒక్క చుక్క లోపల పడలేదు. ఆ వానాకాలం తిండికి కటకటలాడారు గానీ పిల్లలు బతికాయి.

మరుసటి వేసవి చివర మళ్లీ సభ జరిగింది. జవ్వాదిపిల్లి అదే రాతి మీద నిలబడి చదివింది. కంపెనీలో పువ్వు లేదు, రాయి లేదు, పనివాళ్లు లేరు. అయితే తీతువు అంచనా ప్రకారం ఈసరికి అధ్యక్షులవారు కూడా ఉండకూడదు. వారున్నారు! నిరుడు వానకు తడిసిన అడవి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మిగిలిన కాసిని ఆకుల ధర ఆకాశానికంటింది.

ఆ కబురు తెచ్చింది గోరింక మొగుడే. పొడి తొర్రలో, ఈ ఏటి పిల్లల మధ్య కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఒక బండరాయికి ఇచ్చేశావు కదే! ఇవాళ ఆ ఆకులు ఎంత పలుకుతున్నాయో తెలుసా?"

"జరుగు," అంది గోరింక. "పిల్లకు ఎండ తగలడం లేదు."

నీతి లేకుండా లేవనివాళ్ల కోసం: బాగుపడాలంటే కష్టపడాలి, బాగుపడ్డామని అనిపించుకోవడానికి మాత్రం ముందే ఒక తీతువును జీతానికి పెట్టుకుంటే చాలు.