దాన్ని ఉంచుకోవాలా, పంపేయాలా?

ఆ శుక్రవారం పొద్దున లలిత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి స్నేహితుడు నరేశ్‌కు ఫోన్ చేసి సలహా అడగాలి. పదింటికల్లా గడ్డం గీసుకుని, పెళ్ళయిన మూడో రోజు వేసుకున్న నీలం చొక్కా వేసుకోవాలి. పదకొండింటికి వరూధినిని చూడాలి. ఆ తర్వాత, సాయంత్రం ఎనిమిదిలోపు, కొత్త ల్యాప్‌టాప్‌ను ఉంచుకోవాలో, షాపుకు తిరిగి ఇచ్చేయాలో తేల్చుకోవాలి. ఇందుకోసం ఆఫీసుకు సెలవు కూడా పెట్టాడు. కారణం రాయాల్సిన చోట ‘కుటుంబ వ్యవహారం’ అని రాశాడు.

పెళ్ళయి రెండు నెలలు కాలేదు. ఆషాఢం రాగానే అత్తవారు వచ్చి వరూధినిని హిందూపురం తీసుకెళ్ళిపోయారు. ఆ నెలంతా కొత్త అల్లుడూ అత్తగారూ ఒకే గడప దాటకూడదట. లలిత్ ఉండే బెంగుళూరు శివారు యలహంక నుంచి హిందూపురం రెండున్నర గంటల ప్రయాణం. ఏ సముద్రాల అవతలో ఉంటే మనసుకు సర్దిచెప్పుకోవచ్చు. పొద్దున ఎక్కితే టిఫిన్ వేళకు దిగిపోయే ఊళ్ళో భార్యను పెట్టుకుని కదలకుండా కూర్చోవడం ఎట్లా? స్టేషన్‌లో రైలు కూత వినబడ్డప్పుడల్లా లలిత్ చేతిలో పని ఆగిపోయేది.

అలవాటు కొద్దీ రెండు గ్లాసుల కాఫీ కలిపేవాడు. రెండోది చల్లారాక అదీ తనే తాగేవాడు. వెళ్ళేముందు ఆమె అద్దానికి అంటించిన ఎర్రటి బొట్టుబిళ్ళ అక్కడే ఉంది. గడ్డం గీసుకునేటప్పుడు కాస్త వంగి, ఆ బిళ్ళ సరిగ్గా తన నుదుటి మీదికి వచ్చేలా నిలబడేవాడు. అలా నిలబడితే ఇంట్లో ఇద్దరున్నట్టు అనిపించేది.

ఫోనుంది కదా అనవచ్చు. హిందూపురంలో ఫోను హాల్లో ఉంది. దాని పక్కన అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉంటుంది.

"నేను గుర్తొస్తున్నానా?" అని అడిగేవాడు లలిత్.

"ఊఁ. రోజుకు మూడు పూటలా."

అవతల నుంచి అత్తగారి గొంతు వినిపించేది. "ఏమే మూడు పూటలా?"

"మాత్రలమ్మా. ఆయనకు జలుబంట."

ఇట్లా జలుబు మీద, మాత్రల మీద, కషాయం మీద ప్రేమ నడిపి నడిపి విసిగిపోయాక, ‘ఆషాఢం ఆఫర్’ బోర్డు చూసి లలిత్ కెమెరా ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాడు. హిందూపురం బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో కూడా కెమెరా ఉంది. బి.ఎడ్. పరీక్ష ఫలితాలు చూసి వస్తానని ఇంట్లో చెప్పి, శుక్రవారం పదకొండింటికి అక్కడికి వస్తానని వరూధిని మాటిచ్చింది. పదహారు రోజుల తర్వాత మొహం చూడబోతున్నాడు.

చిక్కంతా ల్యాప్‌టాప్‌తోనే వచ్చింది. మూత మీద వెంట్రుకంత గీత. ఎడమ మూల ఆవగింజంత సొట్ట. తెర మీద కుడివైపు వెలగని చుక్క ఒకటి. పనికేమీ అడ్డం కావు. ఇంకొకరైతే చూసేవారే కాదు. కానీ లలిత్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. తప్పులు వెతికితేనే అతనికి జీతం.

"ఏడు రోజుల్లోపు తెచ్చేయండి సార్, మారుస్తాం. కొత్త పీస్ మద్రాసు నుంచి రావాలి. ఇరవై రోజులు పడుతుంది," అన్నాడు షాపులో ఇస్సాకు.

ఏడో రోజు ఇవాళే. ఆషాఢంలో మిగిలినవి పద్నాలుగు రోజులు. అంటే గీత లేని ల్యాప్‌టాప్, వరూధిని స్వయంగా వచ్చేశాక వస్తుంది. గీత ఉన్నది ఉంటే ఇవాళే ఆమెను చూడొచ్చు.

ఎనిమిదింటికి కిటికీ దగ్గర నిలబడి నరేశ్‌కు ఫోన్ చేశాడు. సిగ్నల్ ఆ కిటికీ దగ్గరే దొరుకుతుంది. ఆ కిటికీ కిందే కరివేపాకు చెట్టు ఉంది. ఆ వేళకు పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు అంజినమ్మ కరివేపాకు కోస్తూ ఉంది. పక్కనున్న విమానాల స్థావరం నుంచి లేచిన శిక్షణ విమానాలు నెత్తిమీద చక్కర్లు కొడుతున్నాయి. లలిత్ ఎన్నిసార్లు ‘ల్యాప్‌టాప్’ అన్నాడో అన్నిసార్లూ ఒక విమానం సరిగ్గా పైనుంచి వెళ్ళింది. అంజినమ్మ చెవిన పడింది ఇది.

"తెచ్చుకుని ఎన్నాళ్ళయిందని నరేశ్! దూరం నుంచి చూస్తే బ్రహ్మాండం. దగ్గరికెళితేనే మచ్చ కనిపిస్తోంది. లేదురా, వీపు మీద గీత. ముందు చూసినప్పుడు లేవే! అప్పుడు లైట్ల వెలుగులో ఏం తెలుస్తుంది? నాకూ దాన్ని వదులుకోవాలని లేదు. కానీ ఇవాళ పంపకపోతే జీవితాంతం భరించాలి కదా."

తెలుగులో యంత్రాన్నీ ‘అది’ అంటారు, చనువున్న మొగుడు పెళ్ళాన్నీ ‘అది’ అంటాడు. అంజినమ్మ చేతిలో కరివేపాకు రెమ్మ అట్లాగే ఉండిపోయింది. ఆమెకు వరూధిని అంటే ప్రాణం. ఊరికి వెళ్తూ ఆ పిల్ల, "ఆయన సరిగ్గా తినకపోతే ఫోన్ చెయ్యండమ్మా," అని నంబరు రాసిచ్చింది. ఇది తిండి కంటే పెద్ద సంగతే అనుకుని అంజినమ్మ మెట్లెక్కింది.

హిందూపురంలో ఫోనెత్తింది వరూధిని తండ్రి కదిరప్ప, రిటైరైన లెక్కల మేష్టారు.

"అయ్యా, మీ పాపకు వీపు మీద గీత ఉండాదంట. మొకం మీద మచ్చ ఉండాదంట. వెనక్కి పంపించేస్తాడంట మీ అల్లుడు. ఇయాళే ఆఖరు దినమంట. పిల్లోడు మంచోడే సామీ, ఎవురో నరేశ్ అనేవాడు చెడగొడతా ఉండాడు. బిరాన రండి."

అక్కడ వరూధిని ఎనిమిదింటికే పసుపుపచ్చ పట్టుచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని సిద్ధంగా ఉంది. పరీక్ష ఫలితాలు చూడడానికి పట్టుచీర ఎందుకని తల్లి అప్పటికి మూడుసార్లు అడిగింది. అంతలో కదిరప్ప ఫోను పెట్టేసి, "బయల్దేరండి, బెంగుళూరుకి," అన్నాడు. ఇంటర్నెట్ సెంటర్ పక్కనుంచే బస్సు వెళ్ళింది. వరూధిని కిటికీలోంచి ఆ బోర్డు కనబడినంతసేపూ చూసింది.

ఇక్కడ లలిత్ పదకొండుకు పది నిమిషాల ముందే నీలం చొక్కాలో తెర ముందు కూర్చున్నాడు. జుట్టు సరిచేసుకున్నాడు. పదకొండయింది. తెర మీద వరూధిని పేరు పక్కన పచ్చ చుక్క వెలగలేదు. పదకొండుంపావు. వెనకున్న గోడ మీద పెళ్ళి ఫోటో కెమెరాలో పడేలా కుర్చీ జరిపాడు. పన్నెండింటికి కూడా తెరలో నీలం చొక్కా వేసుకున్న ఒక మనిషి ఒంటరిగా కనిపిస్తున్నాడు. ఆ మనిషిని చూసి లలిత్‌కే జాలేసింది.

హిందూపురానికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆమె మాట తప్పదు. కాబట్టి తప్పంతా దీనిదే. బయట గీత ఉన్నదానికి లోపల మాత్రం సరిగ్గా ఉంటుందా? లలిత్ లేచి, అట్టపెట్టె తెచ్చి, ల్యాప్‌టాప్‌ను థర్మకోలులో కూర్చి, తాడు కోసం వెతకసాగాడు.

మెట్ల మీది నుంచి పెట్టె, తాడు చూసిన అంజినమ్మ, వరూధిని సామాను కట్టేస్తున్నాడనుకుని ఇక ఆగలేకపోయింది. వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఏమప్పా లలితూ, నిజంగానే పంపించేస్తా ఉండావా?"

లలిత్‌కు ఆమె కంఠంలోని దిగులు ఎంతో ఓదార్పుగా అనిపించింది. "ఏం చెయ్యమంటారమ్మా? ఎంతో ఆశపడి తెచ్చుకున్నా. పొద్దున్నుంచీ ఎదురుచూస్తూ కూర్చున్నా. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"నువ్వు నిదానంగా ఉంటే అదే పలకతాది. ఊరికే బేజారు పడితే ఎట్లా? చిన్న చిన్న మచ్చలు ఎవురికి ఉండవు? మా ఇంటాయనకు ఒళ్ళంతా మచ్చలే. నలబై ఏండ్లు ఏగలేదా?"

"మీ రోజులు వేరమ్మా. అప్పుడు మార్చుకునే వీల్లేదు."

"ఇప్పుడుండాదా?"

"ఏ ప్రశ్నా అడక్కుండా మారుస్తారు. కొత్తది మద్రాసు నుంచి వస్తుంది. ఎవరి చెయ్యీ పడనిది."

అంజినమ్మ చేతులు గుండెల మీదికి వెళ్ళాయి. "అదీ నచ్చకుంటే?"

"మూడుసార్ల దాకా మార్చుకోవచ్చట."

అంజినమ్మ మెట్టు మీద కూలబడింది. సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది.

ముందు కదిరప్ప దిగాడు. తర్వాత అత్తగారు దిగింది, కానీ గేటు దగ్గరే ఆగిపోయింది. కోపం ఎంతున్నా ఆషాఢం ఆషాఢమే. చివర వరూధిని దిగింది. పసుపుపచ్చ చీర, సగం వాడిన కనకాంబరాలు, ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన ముక్కు.

లలిత్‌కు లోకంలో మిగిలినవన్నీ మరపున పడ్డాయి. ఎందుకొచ్చారు, ఎలా వచ్చారు అన్న ప్రశ్న కూడా పుట్టలేదు. చేతిలో తాడు పట్టుకుని, మొహమంతా పళ్ళు చేసుకుని నవ్వాడు.

"నవ్వుతా ఉండాడు చూడండి! సిగ్గన్నా ఉండాదా?" అని గేటవతల నుంచి అత్తగారు అరిచింది.

కదిరప్ప లోపలికి వచ్చి కండువా సర్దుకున్నాడు. "బాబూ, నేను కోపానికి రాలేదు. మా అమ్మాయిలో ఏం లోపముందో ఒక్కొక్కటిగా చెప్పు. వింటాను."

"లోపమా? వరూధినిలోనా?" లలిత్ కంగారుగా అన్నాడు. "పదహారు రోజులు చూడకుండా ఉండాల్సి వచ్చింది. అదొక్కటే లోపం మావయ్యా."

వరూధిని ముక్కు తుడుచుకుంది. "మరి నా వీపు మీద గీత ఉందని ఆ నరేశ్‌తో చెప్పావట?"

"నీ వీపా? మూత వీపు!"

"ఎవరి మూతి?"

"మూతి కాదు, మూత! ఎడమ మూల సొట్ట. కుడివైపు చుక్క," అంటూ లలిత్ పెట్టె విప్పి, థర్మకోలు పీకి, ల్యాప్‌టాప్‌ను రెండు చేతుల్లో ఎత్తి చూపించాడు. "దీన్ని! ఇవాళ నిన్ను చూద్దామని దీన్ని కొన్నా. నువ్వు రాలేదని దీన్ని పంపేస్తున్నా!"

కదిరప్ప కళ్ళజోడు పైకి తోసి మూతను వెలుతురులో పెట్టి చూశాడు. "గీత ఉన్న మాట నిజమే," అన్నాడు.

వరూధినికి నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు. రెండున్నర గంటలు బస్సులో ఏడవగా మిగిలిన ఏడుపంతా దారి మార్చుకుని వచ్చిన నవ్వు. మొహం కొంగులో దాచుకుని గోడకు ఆనుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. గేటు దగ్గర నుంచి కిటికీలోకి చూస్తున్న తల్లికి ఆ భుజాలు ఒక్కటే కనిపించాయి.

"అయ్యో తల్లీ!" అంటూ ఆమె గేటు తోసుకుని, వాకిలి దాటి, గడప దాటి, పరుగున వచ్చి కూతుర్ని కౌగిలించుకుంది. కూతురు నవ్వుతోందని తెలిసింది. తానెక్కడ నిలబడి ఉందో ఆ తర్వాత తెలిసింది.

"గడప," అంది నెమ్మదిగా, కిందికి చూసి.

ఎదురుగా అల్లుడు. వెనక గడప. ఆమె ఒక కాలు వెనక్కి ఎత్తింది.

"ఆగు," అన్నాడు లెక్కల మేష్టారు. "వెనక్కి దాటితే తప్పు పోదు. రెండుసార్లు దాటినట్టవుతుంది."

ఆమె ఎత్తిన కాలు అలాగే ఉంచి నిలబడింది. శాస్త్రం తెలిసిన పెద్దవాళ్ళెవరని చూస్తే అక్కడున్నది అంజినమ్మే. మెట్టు మీద కూర్చుని అంతా విన్న అంజినమ్మకు, పొద్దున తాను ఫోన్లో చెప్పిందంతా ఒక్కొక్క మాటా గుర్తొస్తోంది. ఆమె వరూధిని వైపు చూసింది. వరూధిని తండ్రి వైపో తల్లి వైపో కాకుండా నీలం చొక్కా వైపు చూస్తోంది. నవ్వు పోయి, ఆ మొహంలో సాయంత్రం మళ్ళీ పుట్టింటి బస్సు ఎక్కాలన్న దిగులు కనిపిస్తోంది.

అంజినమ్మ గొంతు సవరించుకుంది. "దీనికి మా పక్క ఒక శాస్త్రం ఉండాదమ్మా. ఆషాఢంలో అత్త అల్లుడి గడప దాటిందంటే, కూతుర్ని మళ్ళీ ఆ గడప దాటించి పుట్టింటికి తీసకపోకూడదు. నెల తిరిగేదాకా ఆడనే ఉండల్ల."

"మా హిందూపురంలో అట్లాంటిది లేదే!"

"గడప యా ఊరిదో శాస్త్రం ఆ ఊరిది కదమ్మా."

అత్తగారు చాలాసేపు అంజినమ్మ మొహంలోకి చూసింది. అంజినమ్మ రెప్ప వేయలేదు.

"అంటే వరూధిని అసలు బయటికే రాకూడదా?" అని లలిత్ ఆత్రంగా అడిగాడు.

"ఊరికి పోయేదానికి దాటకూడదు. కూరగాయలకు దాటొచ్చప్పా," అని అంజినమ్మ శాస్త్రాన్ని కొంచెం వదులు చేసింది.

అత్తగారు నిట్టూర్చి ఎత్తిన కాలు కింద పెట్టింది. "నీకు దిగులుగా ఉంటాదేమోనే," అంది కూతురితో.

"ఏం చేస్తామమ్మా, శాస్త్రం," అంది వరూధిని. మొహం దిగులుగా పెట్టడానికి ఆమె పడిన కష్టం కొంగు వెనక లలిత్ ఒక్కడికే తెలిసింది.

భోజనాలయ్యాయి. మూడున్నర బస్సుకు పెద్దవాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. లలిత్ రెండు గ్లాసుల కాఫీ కలిపాడు. రెండూ వేడిగానే అయిపోయాయి. తర్వాత ఏం మాట్లాడుకున్నారో వాళ్ళకే సరిగ్గా గుర్తులేదు. బస్సు టైర్ల గురించీ, కనకాంబరాల గురించీ, కషాయం గురించీ అయి ఉంటుంది. ఫోన్ మోగినప్పుడు బయట వీధి దీపాలు వెలిగి ఉన్నాయి.

"సార్, ఇస్సాకును. ఎనిమిదవుతోంది, షట్టర్ దించేస్తున్నాం. ఇవాళ తెస్తానన్నారు, తెస్తున్నారా?"

"ఏం తేవాలి?" అన్నాడు లలిత్.

శ్రావణం వచ్చేదాకా ఆ ల్యాప్‌టాప్ మూత ఎవరూ తెరవలేదు కాబట్టి, దాని మీద కొత్త గీత ఒక్కటీ పడలేదు.