దర్బారులో ఎక్కిళ్ళు

ఆ ఉదయం గుబులయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. సత్యమణికి సానపట్టాలి, వెండి భరిణెలో పెట్టాలి, మధ్యాహ్నం దర్బారు మొదలయ్యేలోగా కోటకు చేర్చాలి, ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని పడుకోవాలి. ఇందులో భయపడాల్సింది ఏముందని భార్య అడిగింది. ఏమీ కనబడకపోవడమే ఆయన భయం. తల్లిదండ్రులు ఆయనకు ఏదో మంచి పేరే పెట్టారు గానీ, దాన్ని ఊరు ఎప్పుడో మరిచిపోయింది.

మామూలు రోజుల్లో ఆయన దగ్గరికి వచ్చేవన్నీ ఇళ్ళల్లో వాడుకునే మంత్రపు రాళ్ళు. పాలు విరగకుండా గిన్నెలో వేసే చల్లటి రాళ్ళు, వంటగదిలో వెలుగిచ్చే దీపపు రాళ్ళు. మసకబారితే సానపట్టి ఇస్తాడు, మళ్ళీ పనిచేస్తాయి. సత్యమణి సంగతి వేరు. శనగగింజంత తెల్లటి రాయి. దగ్గరలో ఎవరైనా అబద్ధమాడితే ఎర్రగా వెలుగుతుంది. ఏడాదికోసారి రాణిగారు దాన్ని ముందు పెట్టుకుని అధికారులకు ప్రశ్నలు వేస్తారు. మణి ఎర్రబడకుండా ఒప్పుకున్న మాటను రాజ్యమంతా నిజమని ఒప్పుకోవాలి, అది చట్టం. మణిని పోగొట్టినవాడి బొటనవేలు తీసేయాలి, అదీ చట్టమే. బొటనవేలు లేకపోతే సానపనివాడికి రాయిని పట్టుకునే దారే లేదు. అందుకే గుబులయ్య నాలుగు రోజులుగా అన్నం కలుపుకుంటూ కూడా తన బొటనవేలిని తనివితీరా చూసుకుంటున్నాడు.

సాన మాత్రం బాగానే సాగింది. లక్క కరిగించి, కర్ర చివర మణిని అతికించి, మెల్లగా తిప్పుతూ మెరుగు పెట్టాడు. తర్వాత లక్కలోంచి ఊడదీసి నాలుక మీద పెట్టుకున్నాడు. సానపనివాళ్ళకు అది పుట్టుకతో వచ్చే అలవాటు. అసలు రాయి నాలుకకు చల్లగా తగులుతుంది, గాజు తగలదు. అప్పటికే ఆయన బుగ్గలో పంటినొప్పికి పెట్టుకున్న లవంగం ఒకటుంది.

సరిగ్గా అప్పుడే పక్కగదిలో ఇత్తడి బిందె ఒకటి దభేలున పడింది. గుబులయ్య పీట మీంచి ఎగిరిపడ్డాడు. లక్క కర్ర కిందపడింది. నోట్లోంచి ఏదో జారింది, గొంతులోకి ఏదో దిగింది. వేడి లక్క మీద కాలేసి, నిప్పు భయంతో పనిగదిలోనూ విడవని చెప్పుల్లో ఎడమదానికి అది ముద్దగా అంటుకున్నా పట్టించుకోకుండా నేల మీద పడి వెతికాడు. పీట ఎత్తి చూశాడు, చాప దులిపాడు. మణి లేదు. లవంగమూ దొరకలేదు గానీ, దాని గురించి ఆలోచించే స్థితిలో ఆయన లేడు.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఏమిటా చప్పుడు అల్లుడుగారూ? నేనైతే ఏమీ పడెయ్యలేదు."

గుబులయ్యకు ఒక ఎక్కిలి వచ్చింది. పెద్దది, కిటికీ మీది పిట్ట ఎగిరిపోయేంత పెద్దది.

వెనకాలే భార్య వచ్చింది. అమ్మని ఏమీ అనకండని, ఆవిడ వచ్చినప్పటినుంచి తనకు పని ఎంత తగ్గిందోనని ఆవిడ ఎదుటే చెప్పింది. గుబులయ్యకు ఇంకో ఎక్కిలి వచ్చింది. ఆయన చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. పై ప్రాణాలు పైనే పోయాయి. మణి పని చేస్తోంది, కాకపోతే లోపలి నుంచి చేస్తోంది.

భార్యను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పాడు. ఆవిడ వెంటనే పనిలోకి దిగింది. పని నేర్చుకునేవాళ్ళకిచ్చే గాజు ముక్కల్లోంచి శనగగింజంతది ఏరి భరిణెలో పెట్టింది. దర్బారులో కిక్కురుమనకుండా నిలబడమంది. సాయంత్రం ఆముదం పోస్తాననీ, మణి బయటపడ్డాక కడిగి మార్చేద్దామనీ చెప్పింది.

"మరేం కాదు, మీరు ధైర్యంగా వెళ్ళిరండి. నాకేం కంగారు లేదు," అంది చివరికి.

గుబులయ్య ఎక్కిలితోనే వీధిలోకి దిగాడు.

దారిలో ఎవరూ పలకరించకుండా గోడవారగా నడిచాడు. ఎడమ చెప్పు కింద లక్క గట్టిపడి నడక కుంటుపడింది, గీకడానికి తీరిక లేదు. చుట్టుపక్కల పురుగు కూడా లేని చోట మళ్ళీ ఎక్కిలి వచ్చింది. ఇక్కడ అబద్ధమాడిందెవరా అని ఆగి ఆలోచిస్తే, 'ఏమీ జరగదు, అంతా సవ్యంగానే ఉంటుంది' అని తనే లోలోపల అనుకుంటున్నట్టు తెలిసింది. మణి ఎంత గొప్పదో ఆయనకు అప్పుడే పూర్తిగా అర్థమైంది. ఏడుపొచ్చినంత పనైంది.

దర్బారు గుమ్మం దగ్గర కాపలావాడి పక్కన చెప్పులు విడిచాడు. లక్క ముద్ద మూలాన ఎడమది నిలవక, అడుగు భాగం పైకి తిరిగి పడింది. సరిచేసే ఓపిక లేక లోపలికి నడిచాడు. గాజు ముక్కను పట్టు దిండు మీద పెట్టి, సానపనివాడు నిలబడాల్సిన చోట, దాని పక్కనే నిలబడ్డాడు.

రాణిగారు మొదట కోశాధికారిని పిలిచారు. భారీ మనిషి, ఏనాడూ తడబడి ఎరగడు. ఖజానాలో రాళ్ళన్నీ భద్రంగా ఉన్నాయా అని అడిగితే, కనుపాపల్లా చూసుకుంటున్నానన్నాడు.

గుబులయ్య ఎక్కిలి దర్బారంతా వినిపించింది. కోశాధికారి దిండు వైపు చూశాడు. గాజు తెల్లగా ఉంది. గుబులయ్య వైపు చూశాడు. గుబులయ్య నేల చూపులు చూశాడు.

"ఏదీ బయటికి పోలేదుగా?" అన్నారు రాణిగారు.

"లేదు తల్లీ," అన్నాడాయన. మళ్ళీ ఎక్కిలి.

కోశాధికారికి చెమటలు పట్టాయి. ఈ సానపనివాడికి అంతా తెలుసు, రాణిగారికి ముందే చెప్పేశాడు, మణి ఎర్రబడేలోగా ఒప్పుకుంటానేమోనని ఇద్దరూ కలిసి చూస్తున్నారు, అనుకున్నాడు. గుబులయ్య మూడోదాన్ని ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే, నవ్వు దాచుకుంటున్నాడనుకున్నాడు. అంతే, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వాన కురిపించే రాయిని తన బావమరిది తోటకు ఇచ్చాననీ, అందుకే ఈ వేసవిలో ఆ ఒక్క తోటలోనే వానలు పడ్డాయనీ కక్కేశాడు.

దర్బారు హోరెత్తిపోయింది. రాణిగారు మాత్రం దిండు వైపే చూస్తున్నారు.

"ఇతను ఒకటికి రెండు అబద్ధాలాడాడు. మణి ఎందుకు ఎర్రబడలేదు గుబులయ్యా?"

గుబులయ్య అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, తన అబద్ధానికి తన పొట్టే సాక్ష్యం చెబుతుందని గుర్తొచ్చింది.

"అది గాజండీ. అసలు మణి నా కడుపులో ఉందండీ. ఎవరు అబద్ధమాడినా నాకు ఎక్కిలి తెప్పిస్తోందండీ," అన్నాడు.

రాణిగారు సింహాసనం మీద ముందుకు వంగి, పళ్ళు బిగించి చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు వెనక వెటకారం అర్థం కానివాళ్ళు దర్బారులో లేరు.

"అయితే భయపడకు. నీ బొటనవేలికి వచ్చిన ఢోకా ఏమీ లేదు."

బొటనవేలి మాట వినగానే గుబులయ్యకు పొట్ట, ఛాతీ, గొంతు అన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. పొద్దున్నుంచి మొదటిసారి ఎక్కిలి రావాలని మనసారా కోరుకున్నాడు. వచ్చి ఈ మాట అబద్ధమని తేలితే, కనీసం పరుగెత్తవచ్చు. రాలేదు. అందరూ ఆయన పొట్ట వైపే చూస్తూ చాలాసేపు ఆగారు. ఐనా రాలేదు.

ముసలి న్యాయాధికారి గొంతు సవరించుకున్నాడు. "మణి ఒప్పుకుంది. రాణిగారి మాట నిజం. సానపనివారి బొటనవేలికి ఢోకా లేదు."

రాణిగారు ఏదో అనబోయి, చట్టం గుర్తొచ్చి, చిరునవ్వు అలాగే పెట్టుకుని కూర్చున్నారు. మణి బయటపడ్డాక తెచ్చి ఇమ్మనీ, ముందు తన కళ్ళ ముందు నుంచి పొమ్మనీ అన్నారు. గుబులయ్య వంగి వంగి దణ్ణాలు పెడుతూ వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటాడు. ఇంత సంతోషం ఆయనకు పెళ్ళిరోజున కూడా కలగలేదు.

బయట కాపలావాడు గోడకు అతుక్కుపోయి, ఎడమ చెప్పు మీదికి ఈటె గురిపెట్టి ఉన్నాడు.

"అయ్యా, ఈ చెప్పు మీదేనా? కాపలాలో నేనెప్పుడూ కునుకు తియ్యనని అటు పోయేవాడితో అన్నాను, ఎర్రగా వెలిగింది. మళ్ళీ అన్నాను, మళ్ళీ వెలిగింది."

గుబులయ్య నెమ్మదిగా వంగి చూశాడు. గట్టిపడిన లక్క ముద్దలో, శనగగింజంత తెల్లటి రాయి తీరుబడిగా కూర్చుని ఉంది. నాలుకతో బుగ్గలోపలంతా తడుముకున్నాడు. లవంగం లేదు. పొద్దున్నుంచి తన కడుపులో ఉన్నది లవంగం, వచ్చినవి ఉత్త ఎక్కిళ్ళు. అవి ఎప్పుడు వచ్చినా ఎవరో ఒకరు అబద్ధమాడుతూనే ఉన్నారు, అంతే. ఈ సంగతి లోపల తెలిస్తే రాణిగారి మాటను ఒప్పుకున్నది లవంగమని తేలుతుంది. బొటనవేలు మళ్ళీ మొదటికొస్తుంది.

కాపలావాడి రెండు చేతులూ పట్టుకుని, పిల్లలు గలవాడినని బతిమాలాడు. ఆ మనిషి మంచివాడే. కళ్ళు చెమ్మగిల్లాయి. ఈటె గోడకు ఆనించి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"మీరు నిశ్చింతగా వెళ్ళండి. ఈ సంగతి నేనెవరితోనూ అనను."

మణి ధగధగా ఎర్రబడింది. ఆ ఏడు సాన చాలా బాగా కుదిరింది.