రెండో చరణంలో దొర ఎవరు?

"నేరం ఎక్కడ ఊపిరి పీల్చినా దాని ముక్కు పట్టుకునే మొనగాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే!" అంటూ గడియారాల మెకానిక్ బేకరీ బల్లెక్కి కూర్చున్నాడు. ఇప్పటిదాకా అతను పట్టుకున్న దొంగ ఒక్కడూ లేడు; అతన్ని పట్టుకున్నది మాత్రం జలుబు.

తోడల్లుడు కాకపోతే బేకరీ యజమాని అతన్ని అప్పుడే కిందికి దింపేసేవాడు. కానీ మనసులో ముల్లు గుచ్చుకుని ఉంది. రెండు నెలలుగా భార్య వెనకగదిలో పొయ్యి దగ్గర నిలబడి ఒకటే పాత ప్రేమపాట పాడుతోంది. ఎవరికోసమని అడిగితే, "మీకు తెలీదా?" అని మూతి ముడిచింది. అప్పట్నుంచి పాపం, ఆయనకి తిండి సయించడం లేదు. చివరికి ఆ సంగతి తోడల్లుడి చెవిన వేశాడు.

"పాటేంటి అన్నయ్యా?"

"దీపం తగ్గించాను, తలుపు వారగా వేశాను, అడుగు వినిపించు దొరా... అని."

"అమ్మో! దీపమంటే మీ కరెంటు మెయిను. తలుపంటే మీ దొడ్డి తలుపు. దొరంటే ముఠా నాయకుడు!"

"ఊరంతా పాడే పాటయ్యా అది."

"అయితే ముఠా చాలా పెద్దది!"

ఇద్దరూ పిండి బస్తాల వెనక నక్కారు. ఆవిడ రొట్టెలు పొయ్యిలో పెట్టి పాట ఎత్తుకుంది. రెండో చరణంలో "దొరా" అనగానే మన మెకానిక్ డిటెక్టివ్ తుమ్ముతూ దూకాడు. "చేతులెత్తు వదినా!"

బస్తా బోర్లాపడింది. పాట ఆగింది. అరుపులు సద్దుమణిగేలోగా మాడు వాసన గుప్పుమంది.

"రొట్టెలు తియ్యవే!" అరిచాడు భర్త.

"ఎప్పుడు తియ్యాలో ఎలా తెలుస్తుంది? పాట మధ్యలో ఆపేశారుగా మరిదిగారు!"

"గడియారమేదీ?"

"రెండు నెలల కిందట రిపేరుకిచ్చాను."

"ఎవరికి?"

ఆవిడ రొట్టెల పార మరిదిగారి వైపు చూపించింది.

"అది... పరిశోధనలో ఉంది," అన్నాడు పిండిలో మునిగిన మహానుభావుడు.

"గడియారం కొనలేని రోజుల్లో, రెండో చరణం అయ్యాక తియ్యమని నేర్పిందెవరండీ? పక్కన నిలబడి పాడిందెవరు? గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాక అన్నీ మర్చిపోయారు."

బేకరీ యజమాని తల దించుకున్నాడు. సిగ్గేసింది, సంతోషమూ కలిగింది.

"కేసు ఛేదించాను! దొర దొరికాడు!" గర్జించాడు డిటెక్టివ్.

ఎవరూ వినలేదు. యజమాని కొత్త పళ్లెం పొయ్యిలోకి తోసి, భార్య పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"తమ్ముడూ, ఆ గడియారం..."

"రేపే ఇచ్చేస్తాను అన్నయ్యా!"

"ఇచ్చావంటే కాళ్లు విరగ్గొడతా."